పొయ్యెక్కని పచ్చళ్ళు

అమ్మాయ్, మా కాలంలో ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లోకెల్లా పెద్ద పని పెరట్లో జరిగేది. పొయ్యిలో ఒక్క పుల్ల కాల్చకుండా ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా ఆదరువు తయారయ్యేది. ఆవకాయ, మాగాయ, ఆపైన కాలాన్నిబట్టి చింతకాయ, నల్ల ఉసిరి, కొరివికారం. వీటిలో ఏ కాయనీ ఉడికించేవాళ్ళు కాదు. మరి ఉడికించని కాయ ఏడాదిపాటు ఎలా నిలవుంటుంది, ఉడికించిన కూర మూడో పూటకే వాసనేస్తుందేం అని అడిగావు చూడు, అది మంచి ప్రశ్న. జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ ఒక్క మాటలో చెబితే నువ్వు ఒక్క చెవితోనే వింటావు. నిదానంగా చెబుతాను. వినే ఓపిక నీకుంది, మీ అమ్మకే లేదు.

ముందు కాయ సంగతి. కృత్తిక కార్తె, అంటే మే నెల సగం గడిచే వేళకి కాయలో టెంక ముదురుతుంది. టెంక ముదరని కాయతో ఆవకాయ పెడితే ముక్క మెత్తబడి గుజ్జవుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలుండగానే పని ముగించాలి. తొలకరి జల్లు పడిందా, గాలిలో చెమ్మ చేరుతుంది, ఎండబెట్టిన ఉప్పు కూడా నీరు కారుతుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మా అమ్మమ్మ ముందునుంచే తోటల వైపు మనిషిని పంపేది. మా గోదావరి వైపు ఆవకాయంటే కొత్తపల్లి కొబ్బరి. గట్టిగా, పుల్లగా, ముక్క కొడితే టెంక అంటిపెట్టుకుని వస్తుంది. నూజివీడు వైపు వాళ్ళు రసాలంటారు, జలాలంటారు. ఎవరి కాయ వాళ్ళకి ముద్దు, వాళ్ళతో వాదన పెట్టుకోకు. గాలివానకి రాలిన కాయని మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా ఆవకాయకి తేవద్దు. దెబ్బ తగిలిన చోట లోపల కుళ్ళు మొదలైపోయి ఉంటుంది. రాలుకాయల్ని మేం ఒరుగులు చేసేవాళ్ళం. దెబ్బ తిన్న మేర కోసి పారేసి, మిగిలింది చీల్చి, ఉప్పు రాసి గలగలలాడేదాకా ఎండబెడితే పప్పులోకి వర్షాకాలమంతా వచ్చేవి.

కాయలు తూకానికి కొనేవాళ్ళం కాదమ్మా, లెక్కకి కొనేవాళ్ళం. నాలుగు కాయలైతే పుంజీ. తోటవాడు పుంజీ ఒకటి, పుంజీ రెండు అని గొంతెత్తి ఎంచుతుంటే, మేం పిల్లలం పక్కన చేరి వేరే అంకెలు అరిచేవాళ్ళం, లెక్క తప్పించాలని. వంద కాయలు నాలుగైదు రూపాయలంటే ఇదేం అగ్గి ధరమ్మా అని ఆడవాళ్ళంతా ముక్కున వేలేసుకునేవారు. ఆపైన కొసరు. కొసరు కాయలు వెయ్యకుండా బేరం ముగిస్తే అది మర్యాదే కాదు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు దిగాయి. పావలా అంటే పాతిక నయాపైసలు, అంతవరకూ బాగానే ఉంది. అణా అంటే ఆరుంపావు. ఆ పావు పైసా ఎవరిది? నాది అంటాడు తోటవాడు, నాది అంటుంది మా అమ్మమ్మ. నాణెం ఎటూ లేదు గనక ఆ పావు పైసా పేరు చెప్పి ఆవిడ ఇంకో రెండు కాయలు బుట్టలో వేసుకునేది. ఆ ఏడాది ఆవిడకి దశాంశ పద్ధతి మీద కలిగిన అభిమానం అంతా ఇంతా కాదు.

ఎక్కడికో పోయాను. 1962 నాటికి వీశెలూ మణుగులూ పోయి కిలోలే అన్నారు. వీశె అంటే ఇప్పటి కిలోన్నరకి కాస్త తక్కువ. సర్కారు తూకాలు మార్చింది గానీ ఆవకాయ మారలేదు. ఎందుకంటే అది తూకంతో నడిచేది కాదు, గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, ఈ కొలతలతో నడిచేది. ముక్కలు ఏ మానికతో కొలిచామో ఉప్పూ, కారం, ఆవపిండీ అదే మానికతో కొలవాలి. పాత్ర ఎవరిదైనా పాళ్ళు తప్పవు. నీ దగ్గర మానిక లేదు, త్రాసు ఉంది. కిలో ముక్కలకి పావుకిలోకి కొంచెం తక్కువగా ఉప్పు, కారం అంతే, ఆవపిండి అంతే, గుప్పెడు మెంతులు, అరలీటరు నువ్వులనూనె. ఇందులో కారం నీ ఇష్టం. మెంతులు నీ ఇష్టం. ఉప్పు నీ ఇష్టం కాదు.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. పచ్చడి విషయంలో ఆ మాట రుచికి మించింది. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. మనం ఊట అంటామే, అది అదే. ఆ ఊటలో ఉప్పు ఎంత దట్టంగా ఉంటుందంటే, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి చుట్టూ తడి ఉన్నా వాడుకోడానికి నీరు దొరకదు. పైగా వాటి ఒంట్లో నీరే బయటికి పోతుంది. దీనికి పులుపు తోడవుతుంది. బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు విన్నావా? దాన్ని తెచ్చే సూక్ష్మజీవి గాలి ఆడని చోట పెరుగుతుంది. నూనె కింద గాలి ఆడదు కదా మరి! కానీ పులుపు తగినంత ఉంటే, అంటే పీహెచ్ 4.6కి దిగువన ఉంటే, అది పెరగలేదు. పచ్చి మామిడి, నిమ్మ, చింతకాయ మూడూ ఆ గీతకి బాగా దిగువనే ఉంటాయి. మా అమ్మమ్మకి పీహెచ్ తెలియదు, కాయ కొరికి కన్ను గీటుకుంటే చాలని తెలుసు. పండుబారిన కాయ ఒక్కటి బుట్టలో కనిపించినా తీసి పిల్లల చేతిలో పెట్టేది. తీపి తిరిగిన కాయలో పులుపు తగ్గుతుంది, చక్కెర పెరుగుతుంది, పచ్చడి పులిసి పొంగుతుంది.

ఉప్పు దగ్గర పిసినారితనం చేసినవాళ్ళని నేను కళ్ళారా చూశాను. మా వీధిలో ఒకావిడ ఉండేది, పేరెందుకులే. కారం ధర పెరిగిన ఏడాది కారం తగ్గించింది, సరే. ఉప్పు పిడికెడు మిగిలితే వచ్చే ఏటికి పనికొస్తుందని అదీ దాచింది. శ్రావణమాసం పేరంటాల నాటికి ఆ ఇంటి కొట్టుగదిలోంచి సారాబట్టీ వాసన. జాడీడు ఆవకాయ, అంత నువ్వులనూనె, అన్ని కాయలు పెంటకుప్ప మీదికి పోయాయి. లోభికి ఖర్చెక్కువ అని ఊరికే అన్నారా! పాపం, ఆవిడ వెనక వీధంతా నవ్వారు గానీ, సాయంత్రానికి తలో గిన్నెడు పచ్చడి ఆ ఇంటికే పంపారు. అదొక పద్ధతి ఉండేది అప్పట్లో.

ఉప్పంటే కల్లుప్పు. ఎండలో పోసి, చేత్తో తీస్తే గింజ గింజకీ అంటకుండా రాలేదాకా ఎండనిచ్చి, అప్పుడు దంచేవారు. తడి సంగతి ఇక్కడే మొదలవుతుంది, విను. కాయల్ని గంగాళంలో నీళ్ళు పోసి కడిగి, పాత పంచె గుడ్డతో ఒక్కో కాయనీ తుడిచి, గదిలో నేలమీద గుడ్డ పరిచి ఆరబెట్టేవారు. ఆరిందో లేదో చెంపకి ఆనించి చూసేది మా అమ్మమ్మ. కత్తిపీట మీద ముక్కలు కొట్టాక జీడి తీసి, టెంక లోపల అంటుకున్న పల్చటి పొర గీకి, ముక్కని మళ్ళీ గుడ్డతో తుడవాలి. పిల్లలకి అప్పగించే పని అదే. విసుగొచ్చి పొర వదిలేస్తే అమ్మమ్మ కంటికి ఆ ఒక్క ముక్కే కనిపించేది, ఎలా కనిపించేదో దేవుడికే తెలియాలి. జాడీలు నాలుగు రోజుల ముందే కడిగి ఎండలో బోర్లించేవారు, కొందరు నిప్పుమీద ఇంగువ వేసి ఆ పొగ పట్టించేవారు. ఉప్పుకి పట్టం కట్టాక నీళ్ళని ఇంత దూరం ఎందుకు పెట్టాలంటావా? బయటినుంచి వచ్చిన ప్రతి నీటిబొట్టూ ఆ చోట ఉప్పునీ పులుపునీ పలచబరుస్తుంది. బూజు మొలిచేది సరిగ్గా అక్కడే.

ఇక మడి. ఆవకాయ మడితో పెట్టాలనేవారు. తలస్నానం చేసి, ఆరిన మడిబట్ట కట్టుకుని, జుట్టు బిగించి ముడేసుకుని, ఎవరినీ తాకకుండా కలిపేవారు. అందులో పనికొచ్చేది చాలా ఉంది. కడిగిన చేతులు, ఉతికిన బట్ట, కలిపేటప్పుడు మాట్లాడకపోవడం, పిల్లలు వచ్చి వేలు పెట్టకపోవడం. కానీ బహిష్టైన ఆడపిల్ల నీడ పడితే జాడీ పాడవుతుందన్నారే, అది శుద్ధ అబద్ధం. ఎన్ని ఇళ్ళలో ఉప్పు తగ్గినందుకూ గరిట తడైనందుకూ ఏ పాపమూ ఎరగని పిల్లల్ని తిట్టారో! నాకు ఇప్పటికీ కోపమే. పచ్చడిని చెడగొట్టేది తడి. నీ చెయ్యి శుభ్రంగా, పొడిగా ఉంటే నెలలో ఏ రోజైనా పెట్టుకో.

ఆవాల సంగతి చెప్పలేదు కదూ. ఆవాలు ఎండబెట్టాలి, వేయించకూడదు. పొడి ఆవపిండి ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, పెద్ద ఘాటేమీ ఉండదు. అదే కాస్త తడి తగిలిందా, కళ్ళమ్మట నీళ్ళు. ఆ ఘాటు గింజలో తయారుగా ఉండదు, దంచిన పిండికి కాయ ఊట తగిలినప్పుడు అందులోని ఎంజైము పనిచేసి పుట్టిస్తుంది. వేయిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఘాటూ పోతుంది. బూజుని అణచడంలో ఆ ఘాటుకీ వాటా ఉంది. అందుకే ఏ ఏటికాయేడు పిండి అప్పటికప్పుడు కొట్టుకోవాలి. రోట్లో దంచితే వేడెక్కదు. మీ మిక్సీ వేడెక్కుతుంది, పిండి చేదెక్కుతుంది. ఆపి ఆపి తిప్పు.

కారం మాత్రం ఈ దేశానికి చుట్టమే. మిరప మన గడ్డమీదికి పోర్చుగీసువాళ్ళ ఓడల మీద పదహారో శతాబ్దంలో వచ్చింది. అంతకు ముందే పోతనగారు భాగవతంలో గోపబాలకుల చల్ది భోజనం రాశారు. పెరుగన్నం ముద్ద ఎడమచేతిలో, ఊరగాయలు వేళ్ళ సందుల్లో. మరి ఆ ఊరగాయల్లో మిరపకారం ఎక్కడిది? పోతనగారు మిరపకాయ మొహమే చూసి ఉండరు. మిరియాలో, ఆవాలో, అల్లమో. నువ్వు నా ఒంటికి కారం పడదు అని మొన్న ముఖం ముడుచుకున్నావే, కారం సగానికి తగ్గించుకున్నా ఆవకాయ నిలవుంటుంది. పెసరావకాయలో ఆవపిండికి బదులు పెసరపిండి వేస్తారు, ఒంటికి చలవని. ఉప్పు, పులుపు, నూనె మాత్రం అందులోనూ అవే.

కలిపిన ముక్కని నూనెలో ముంచి జాడీకెత్తి, పైన నూనె పోసి, గుడ్డతో వాసెన కట్టి పక్కన పెట్టాలి. ఆ కలిపిన పళ్ళెంలో వేడన్నం వేసి, అంటుకున్న గుజ్జంతా తుడిచి ముద్దలు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. మూడో నాడు తిరగకలపాలి. అడుగున ఊట చేరుతుంది, పైన ముక్క ఎండుగా ఉంటుంది, అడుగుది పైకీ పైది అడుక్కీ తేవాలి. ఉప్పు చూడాల్సిన రోజు కూడా అదే. నాలిక్కి కాస్త ఎక్కువనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ముక్క ఇంకా ఉప్పు పీలుస్తుంది. చప్పగా ఉంటే ఆ రోజే ఎండిన ఉప్పు కలుపు. ముక్కల మీద వేలెడు మందం నూనె తేలాలి, తేలకపోతే ఇంకా పొయ్యి. నూనె సూక్ష్మజీవుల్ని చంపదమ్మాయ్, గాలిని ఆపుతుందంతే. గాలి లేనిదే బూజు పెరగదు. గానుగలో ఆడించిన నువ్వులనూనె తొందరగా మక్కు వాసన పట్టదు, అందుకే దానికంత పేరు. తెలంగాణ వైపు పల్లినూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోస్తారు. అల్లం, వెల్లుల్లి కూడా దండిగా వేస్తారు. మా వదినగారిది వరంగల్ వైపు. ఆవిడ తెచ్చిన జాడీ మూత తీస్తే మా ఇంట్లో మా జాడీ ఎవరూ చూసేవారు కాదు, పొరుగింటి పుల్లకూర రుచి మరి.

వెల్లుల్లి అన్నాను గనక ఒక్క మాట గట్టిగా చెబుతాను, నవ్వకుండా విను. ఆవకాయలో వెల్లుల్లికి మామిడి పులుపూ ఉప్పూ కాపలా ఉన్నాయి. పచ్చి వెల్లుల్లి రేకలు ఒట్టి నూనెలో వేసి గూట్లో పెట్టుకుంటున్నారట ఇప్పుడు, రొట్టె మీద రాసుకోడానికి. పులుపు లేదు, ఉప్పు లేదు, గాలి లేదు. ఇందాక చెప్పిన బొట్యులిజానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. వాసనా మారదు, రంగూ మారదు, నువ్వు కనిపెట్టలేవు. చేసుకుంటే ఫ్రిజ్జులో పెట్టుకుని నాలుగు రోజుల్లో తినెయ్యి, లేదా పారెయ్యి. కాలీఫ్లవరూ, క్యారెట్టూ పచ్చళ్ళు పెడుతున్నారు, వాటికీ సొంత పులుపు లేదు. నిమ్మరసం బాగా పట్టించి ఫ్రిజ్జులోనే ఉంచాలి. దోసావకాయ మా రోజుల్లోనూ పది పదిహేను రోజుల పచ్చడే. ఏడాది పచ్చళ్ళ వరసలో దాన్ని ఎవరూ కూర్చోబెట్టలేదు.

మాగాయకి ఎండ ముఖ్యం. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ వేసి మూడు రోజులు ఊరనిచ్చి, పిండి ఎండబెట్టాలి. ఊటనీ ఎండలో పెట్టాలి, సన్నటి గుడ్డ కప్పి. మళ్ళీ ముక్కని ఆ ఊటలోనే వేసి కారం, మెంతిపిండి కలపాలి. ఇంగువ పోపుకి మాత్రం పొయ్యి వెలిగించక తప్పదు, నూనె చల్లారాకే పొయ్యాలి. చింతకాయ అంత శ్రమ పెట్టదు. ఉప్పూ పసుపూ వేసి రోట్లో తొక్కి జాడీకెత్తడం, మూడో నాడు గింజలూ ఈనెలూ తీసి మళ్ళీ తొక్కడం. అంతే, ఏళ్ళ తరబడి ఉంటుంది. జ్వరం పడి లేచినవాళ్ళకి పథ్యంలో పాత చింతకాయ పెట్టేవారు, ఎంత పాతదైతే అంత గొప్ప. కార్తీకంలో ఉసిరికాయ తొక్కి ఉప్పులో వేస్తే నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ఆ నలుపు చెడిపోవడం కాదు, కంగారుపడకు. సంక్రాంతి దాటాక పండు మిరపకాయలతో కొరివికారం. వాటిని తొడిమ తియ్యకముందే కడగాలి. తొడిమ తీసి కడిగితే లోపలికి నీళ్ళు దిగుతాయి, ఎంత తుడిచినా రావు.

జాడీలోంచి తీసుకునే పద్ధతి కూడా పెట్టే పద్ధతంత ముఖ్యమే. పెద్ద జాడీ వారానికో పదిరోజులకో ఒకసారి తెరిచి, పొడి చేత్తో, పొడి గరిటతో చిన్న జాడీలోకి తీసేవారు. భోజనాల దగ్గరికి వచ్చేది చిన్న జాడీయే. పాడైతే అదొక్కటే పాడవుతుంది. మీ ఇంట్లో అన్నం మెతుకులంటిన చెంచాతో నేరుగా సీసాలో గెలుకుతున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అల్యూమినియం గిన్నెల్లో, ఇత్తడి గిన్నెల్లో ఒక్క పూట కూడా ఉంచవద్దు, పులుపుకి లోహం కరుగుతుంది. రంగురంగుల పూతలున్న అలంకారపు మట్టి జాడీలూ వద్దు. ఆ పూతలో సీసం ఉంటే పచ్చడిలోకి దిగుతుంది. నీకు గాజు సీసా మేలు.

బూజు పడితే? పూర్వం కొందరు పైపైన తీసేసి, కింద బాగానే ఉందని నూనె పోసి తినేవారు. అలా చెయ్యకు. కంటికి కనిపించే తెల్లటి నూగు కొసే, వేళ్ళు లోపలికి పోయి ఉంటాయి. కొన్ని బూజులు విషం వదుల్తాయి. పైగా బూజు పులుపుని తినేస్తుంది. పులుపు తగ్గితే ఇన్నాళ్ళూ గుమ్మం బయట ఆగిన సూక్ష్మజీవులు లోపలికొస్తాయి. బుడగలొచ్చినా, మూత ఉబ్బినా, సారా వాసనేసినా సీసాతో సహా వదిలెయ్యి. ఆ కాసిని డబ్బుల కోసం ఆసుపత్రి మెట్లెక్కకు.

ఇప్పుడు నీ అసలు బాధకి వద్దాం. మీ ఆయనకి రక్తపోటు, ఉప్పు తగ్గించమన్నారు డాక్టరుగారు. రోజుకి ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అందుకని ఆవకాయలో ఉప్పు సగం వేస్తానన్నావు. వెయ్యకమ్మా. జాడీలో ఉప్పు తగ్గించకు, కంచంలో ముక్క తగ్గించు. మేం రోజూ రెండు పూటలా పచ్చడి తిన్నామంటే, వేరే కూరకి గతిలేని రోజులూ ఉండేవి, పొలంలో చెమటోడ్చే ఒళ్ళూ ఉండేవి. నీకు వారానికి రెండుసార్లు, ఒక్క చిన్న ముక్క చాలు. తప్పక తక్కువ ఉప్పుదే కావాలంటే కొంచెమే కలుపుకుని, ఆ రోజు నుంచే ఫ్రిజ్జులో ఉంచి, సీసా మీద తేదీ రాసుకుని, వారం రోజుల్లో అవగొట్టు. దాన్ని పచ్చి మామిడి కూరలా చూడు, ఊరగాయ అనుకోకు.

ఈ ఏడాది నీకు కుంచాలూ గంగాళాలూ అక్కర్లేదు, రెండు కిలోల కాయ చాలు. రైతుబజార్లోనే ముక్కలు కొట్టిస్తావని తెలుసు, కొట్టించు, తప్పు లేదు. కాయలు ముందే ఇంట్లో కడిగి, తుడిచి, ఆరబెట్టి తీసుకెళ్ళు. పొడి గుడ్డ ఒకటి, మూతున్న గిన్నె ఒకటి వెంట ఉండాలి. అక్కడి దిమ్మ మీద పొద్దున్నుంచి ఎన్ని కాయల రసం ఆరిందో మనకి తెలియదు గనక, ముందు ఆ దిమ్మా కత్తీ తుడవమను. అతను కత్తి జారడానికని నీళ్ళు చల్లబోతాడు, వద్దని చెప్పు. వెనక వరసలో జనం ఉంటారు, అతనికి విసుగొస్తుంది, కసురుకుంటాడు. కసురుకోనీ. నవ్వుతూ మళ్ళీ అదే చెప్పి, నీ గుడ్డ అతని చేతికియ్యి.